అంతర్యుద్ధానంతర అమెరికా చరిత్రను చదవడం ఎలా: పునర్నిర్మాణానికీ పరిశ్రమలకూ ఒకే పద్దు

ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య 1861 నుంచి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధం తర్వాతి మూడున్నర దశాబ్దాలను పాఠ్యపుస్తకాలు సాధారణంగా రెండు అధ్యాయాలుగా విడదీసి చెబుతాయి. మొదటి అధ్యాయంలో దక్షిణాది రాష్ట్రాల పునర్నిర్మాణం (ఓడిన ఆ రాష్ట్రాలను తిరిగి దేశంలో కలుపుకుని వాటి పాలనను మార్చే ప్రయత్నం), బానిసత్వం నుంచి విముక్తులైన సుమారు 40 లక్షల మంది హక్కుల కోసం జరిగిన పోరాటం ఉంటాయి. అది 1877తో ముగుస్తుంది. రెండో అధ్యాయంలో రైలు మార్గాలు, ఉక్కు, చమురు, బ్యాంకులు వస్తాయి. నేనూ చాలాకాలం రెండు వేర్వేరు నోటు పుస్తకాల్లో రాసుకుంటూ ఇలాగే చదివాను. ఆ రెండింటినీ ఒకనాడు పక్కపక్కన పెట్టి తేదీలు సరిచూసుకున్నప్పుడు, ఒకదానిలోని ప్రశ్నలకు జవాబులు రెండోదానిలో ఉన్నాయని అర్థమైంది. ఈ కాలాన్ని మొదటిసారి చదవబోతున్నవారు ఆ శ్రమ పడకుండా, రెండింటినీ ఒకే పద్దుగా ఎలా చదవవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక కాగితం మీద మూడు గడులు గీసుకోండి. మొదటి గడిలో భూమి ఎవరికి దక్కిందో, రెండో గడిలో అప్పు ఎవరికి పుట్టిందో, మూడో గడిలో ప్రభుత్వ రక్షణ ఎవరికి అందిందో రాయాలి. మీరు చదివే ప్రతి చట్టాన్నీ, ప్రతి తీర్పునూ, ప్రతి సంక్షోభాన్నీ ఈ గడుల్లో ఏదో ఒకదానిలో ఎక్కించాలి. ఎక్కువ విషయాలు రెండు మూడు గడుల్లోకి వస్తాయి, అప్పుడు అన్నింటిలోనూ రాయండి.

చదువును 1865 నుంచి మొదలుపెడితే పరిశ్రమలు ఆకాశం నుంచి ఊడిపడినట్లు కనిపిస్తాయి కాబట్టి, మూడేళ్లు వెనక్కి వెళ్లి 1862 నుంచి మొదలుపెట్టాలి. తమ రాష్ట్రాలు దేశం నుంచి విడిపోవడంతో దక్షిణాది సభ్యులు కాంగ్రెస్‌ను, అంటే అమెరికా చట్టసభను, విడిచి వెళ్లడంతో, అంతకుముందు ఏళ్ల తరబడి ముందుకు సాగని చట్టాలు ఆ ఏడాది వరుసగా వచ్చాయి. మే 20న హోమ్‌స్టెడ్ చట్టం, జూలై 1న పసిఫిక్ రైల్వే చట్టం, ఆ మర్నాడే కళాశాలల స్థాపనకు భూములిచ్చే మోరిల్ చట్టం ఆమోదం పొందాయి. హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం అయిదేళ్లు నివసించి సాగు చేసినవారికి 160 ఎకరాలు దక్కుతాయి. రైల్వే చట్టం తొలుత ప్రతి మైలు పట్టాలకు 6,400 ఎకరాల చొప్పున కంపెనీలకు ఇచ్చి, 1864లో దాన్ని 12,800 ఎకరాలకు పెంచింది. దానితోపాటు మైదానాల్లో మైలుకు 16,000 డాలర్లు, పర్వతాల్లో 48,000 డాలర్ల విలువైన ప్రభుత్వ బాండ్లను అప్పుగా ఇచ్చింది. ఈ భూముల్లో అత్యధిక భాగం అప్పటికే అక్కడ బతుకుతున్న ఆదివాసీ జాతులది అన్న విషయాన్ని గడి అంచున తప్పక రాసుకోండి, ఎందుకంటే చట్టం పాఠంలో అది పెద్దగా కనిపించదు.

అదే గడిలో దీని పక్కనే మరో అంకె రాయాలి. 1865 జనవరి 16న ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ జారీ చేసిన ఉత్తర్వు, చార్ల్స్‌టన్ నుంచి దక్షిణంగా ఉన్న సముద్రతీర భూములను విముక్తులకు కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా పంచాలని చెప్పింది. సుమారు 40 వేల మంది అక్కడ స్థిరపడి దున్నుకున్నారు. అయితే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ పాత యజమానులను క్షమించి, ఆ ఏడాదే భూములు వారికి తిరిగి ఇప్పించాడు. ఈ కబురు చెప్పడానికి విముక్తుల సంక్షేమ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అధిపతి జనరల్ ఆలివర్ హోవర్డ్ అక్టోబరులో ఎడిస్టో ద్వీపానికి స్వయంగా వెళ్లాడు. చర్చిలో గుమిగూడిన జనం ముందు నిలబడి, నాటి పంట మీదే గాని నేల మీది కాదని చెప్పవలసి వచ్చింది. విముక్తులు తమలో ముగ్గురితో ఒక సంఘం వేసుకుని ఆయనకూ, అధ్యక్షుడికీ రాసిన విన్నపాలు నేటికీ లభిస్తున్నాయి. ఈ కాలాన్ని గురించి ఎవరి వ్యాఖ్యానమైనా చదవడానికి ముందు ఆ విన్నపాలను చదవమని గట్టిగా చెబుతాను. తమను బానిసలుగా ఉంచినవారి దయాదాక్షిణ్యాల మీద, వారు పెట్టే షరతుల కింద బతకవలసి వస్తే అది ఎలాంటి స్వేచ్ఛ అని వారు అడిగిన ప్రశ్న మొదటి గడి మొత్తానికీ తాళంచెవి. 1866లో వచ్చిన దక్షిణాది హోమ్‌స్టెడ్ చట్టం అయిదు రాష్ట్రాల్లో ప్రభుత్వ భూములను చూపించింది గాని, వాటిలో చాలా భాగం అడవులు, చిత్తడి నేలలు కావడంతో ఎద్దులు, పనిముట్లు, తొలి పంట చేతికందేదాకా తిండి లేనివారికి అవి అక్కరకు రాలేదు. 1876లో ఆ చట్టం రద్దయింది.

రెండో గడికి వచ్చేసరికి నెమ్మదిగా చదవాలి. యుద్ధ ఖర్చుల కోసం 1863, 1864 సంవత్సరాల్లో తెచ్చిన జాతీయ బ్యాంకుల చట్టాలు పొడిగా కనిపిస్తాయి కాబట్టి చాలామంది వాటిని దాటేస్తారు. నిజానికి దక్షిణాది పేదరికాన్ని అర్థం చేసుకోవడానికి అవే దారి. చిన్న ఊరిలో జాతీయ బ్యాంకు పెట్టాలన్నా కనీసం 50,000 డాలర్ల మూలధనం ఉండాలని, భూమి తాకట్టు మీద ఆ బ్యాంకు అప్పు ఇవ్వరాదని నియమం ఉండేది. రాష్ట్ర బ్యాంకులు జారీ చేసే నోట్ల మీద 10 శాతం పన్ను వేయడంతో వాటి దారీ మూసుకుపోయింది. దక్షిణాదిలో ఉన్న ఆస్తి అంతా భూమి, అది కూడా తాకట్టుకు పనికిరాకపోవడంతో, పల్లెల్లో అప్పు ఇచ్చేవాడు ఊరి దుకాణదారుడొక్కడే అయ్యాడు.

ఇక్కడ ఒక కౌలు ఒప్పందాన్ని తెచ్చుకుని వాక్యం వాక్యం చదవడం మంచిది. ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో దస్త్రాల్లో ఇలాంటివి అసంఖ్యాకంగా ఉన్నాయి. వాటి వరస దాదాపు ఒకేలా ఉంటుంది. భూస్వామి నేల, కంచర గాడిద, నాగలి, విత్తనం ఇస్తాడు. కౌలుదారు కుటుంబం శ్రమ చేసి పంటలో సగం తీసుకుంటుంది. లెక్క తేలేవరకు పత్తిని బయట అమ్మరాదు. ఆ కుటుంబం వసంతం నుంచి కోతలదాకా తినడానికి మొక్కజొన్న పిండి, పంది మాంసం దుకాణంలో అరువు తెచ్చుకుంటుంది. దుకాణంలో ప్రతి సరుకుకూ నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి ఉంటాయి. ఇంకా మొలకెత్తని పంటే ఆ అరువుకు తాకట్టు. ఎప్పుడైనా అమ్ముడుపోయేది పత్తి ఒక్కటే కాబట్టి పత్తే వేయాలని దుకాణదారు పట్టుబడతాడు. అందరూ పత్తి వేయడం వల్ల ధర పడిపోతూ 1894 నాటికి పౌను 5 సెంట్లకు అటూ ఇటూగా చేరింది. సంవత్సరాంతంలో లెక్క చూసి బాకీ మిగిలిందని దుకాణదారు అన్నప్పుడు, చదువు రాని కౌలుదారుకు ఎదురు చెప్పే ఆధారం ఉండదు. ఈ పద్ధతిలో నల్లవారితోపాటు లక్షలాది పేద తెల్ల రైతులూ ఇరుక్కున్నారు.

అదే గడిలో ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు కథనూ రాయండి. విముక్తుల పొదుపు కోసం 1865లో ఏర్పడిన ఈ బ్యాంకు, మొదట్లో డిపాజిట్లను ప్రభుత్వ బాండ్లలోనే పెట్టేది. 1870లో నిబంధనలు సడలించాక, ఆర్థిక సంఘానికి నాయకత్వం వహించిన హెన్రీ కుక్ ఆ సొమ్మును నమ్మకం లేని అప్పులవైపు మళ్లించాడు. ఆయన అన్న జే కుక్, నార్తర్న్ పసిఫిక్ రైలు మార్గానికి పెట్టుబడి సమకూర్చే ప్రసిద్ధ బ్యాంకరు. 1873 సెప్టెంబరు 18న జే కుక్ సంస్థ తలుపులు మూసుకోవడంతో దేశమంతా ఆర్థిక సంక్షోభంలో పడింది, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ పది రోజులు మూతపడింది. మరుసటి ఏడాది జూన్‌లో ఫ్రీడ్‌మన్స్ బ్యాంకూ మూతపడేసరికి సుమారు 61 వేల మంది పొదుపుదారుల దాదాపు 30 లక్షల డాలర్లు అందులో చిక్కుకున్నాయి. చాకలి పని చేసి, ఇంటిపని చేసి కూడబెట్టుకున్న డబ్బు అది. ఉత్తరాది రైలు పెట్టుబడికీ దక్షిణాది విముక్తుల గతికీ ఉన్న బంధాన్ని ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి నాకు కనబడలేదు. అదే సంక్షోభం 1874 ఎన్నికల్లో ప్రతినిధుల సభను పునర్నిర్మాణాన్ని వ్యతిరేకించిన డెమోక్రాట్ల చేతికి అప్పగించి, పునర్నిర్మాణానికి కాంగ్రెస్‌లో ఉన్న బలాన్ని కూడా తగ్గించింది.

పరిశ్రమల అంకెలు చదివేటప్పుడు మొదలు ఎంత, చివర ఎంత అని చూసి ఊరుకోకుండా, మధ్యలో ధరనూ సుంకాన్నీ కలిపి చూడాలి. అమెరికా ఉక్కు ఉత్పత్తి 1870లో లక్ష టన్నులలోపే ఉండగా 1880లో సుమారు 12.5 లక్షలకు, 1900లో కోటి టన్నుల పైకి చేరింది. దీనికి కరిగిన ఇనుములోకి గాలి ఊది చవకగా ఉక్కు చేసే బెస్సిమర్ పద్ధతి, 1875లో పిట్స్‌బర్గ్ దగ్గర బ్రాడక్‌లో ఉక్కు వ్యాపారి కార్నెగీ ప్రారంభించిన కర్మాగారం, రైలు పట్టాల గిరాకీ కారణాలు. 1870లో విదేశీ ఉక్కు పట్టాల మీద టన్నుకు 28 డాలర్ల సుంకం విధించడం అంతే ముఖ్యమైన కారణం. ఆ సుంకాన్ని భూమి, అప్పు అనే గడుల్లో కాక మూడోదైన రక్షణ గడిలో రాయాలి, ఎందుకంటే ఆ రక్షణ భారాన్ని దేశీయ పనిముట్లను ఎక్కువ ధరకు కొనవలసి వచ్చిన పత్తి రైతు కూడా మోశాడు.

రెండు ప్రాంతాలు ఒకే మార్కెట్‌గా ఎలా కలిశాయో కళ్లారా చూడాలంటే 1886 మే 31, జూన్ 1 తేదీల దగ్గర ఆగండి. అప్పటిదాకా దక్షిణాది పట్టాల మధ్య దూరం 5 అడుగులు, ఉత్తరాదిలో 4 అడుగుల 8.5 అంగుళాలు, సరిహద్దు దగ్గర సరుకంతా దింపి ఎక్కించడమో, పెట్టెల చక్రాలు మార్చడమో చేయవలసి వచ్చేది. కూలీలు కొత్త గీత వెంబడి మేకులు ముందే దిగగొట్టి ఉంచారు. ఆ రెండు రోజుల్లో రైళ్లను ఆపి, పాత మేకులు పీకి, ఒకవైపు పట్టాను 3 అంగుళాలు లోపలికి జరిపి బిగించారు. అలా వచ్చిన 4 అడుగుల 9 అంగుళాల దూరం ఉత్తరాది బండ్లు నడవడానికి సరిపోయింది. సుమారు 11,500 మైళ్ల మార్గం అలా మారింది. దానితో ఉత్తరాది సరుకు దక్షిణాదికి, దక్షిణాది ముడిసరుకు ఉత్తరాదికి ఆగకుండా ప్రయాణించే వీలు కలిగింది.

మూడో గడిని నింపడానికి పౌరసత్వానికీ చట్టం ముందు సమాన రక్షణకూ హామీ ఇస్తూ 1868లో ఆమోదం పొందిన 14వ రాజ్యాంగ సవరణను మూలపాఠంలో చదివి, దాన్ని సుప్రీంకోర్టు ఎలా అన్వయించిందో వరుసగా గమనించాలి. 1873లో స్లాటర్‌హౌస్ తీర్పు సమాఖ్య పౌరసత్వ హక్కుల పరిధిని బాగా కుదించింది. లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో 1873 ఏప్రిల్ 13న జరిగిన నల్లవారి ఊచకోతపై వేసిన కేసులో, 1876 నాటి క్రూక్‌శాంక్ తీర్పు నిందితులపై శిక్షను కొట్టివేసింది. ఆ సవరణ రాష్ట్రాలను నిలువరిస్తుందే గాని వ్యక్తులను కాదని చెప్పింది. 1886లో శాంటా క్లారా కేసు దగ్గరకు వచ్చేసరికి, అదే సవరణ రక్షణ రైల్వే కంపెనీలకూ వర్తిస్తుందని న్యాయమూర్తులు భావిస్తున్నట్లు ప్రధాన న్యాయమూర్తి ప్రకటించాడు. ఈ మూడింటినీ ఒకేరోజు, ఒకదాని వెంట ఒకటి చదవండి.

1877ను నెలలవారీగా రాసుకోవాలి. ఏప్రిల్‌లో అధ్యక్షుడు హేస్ ఆదేశంతో దక్షిణ కరొలైనా, లూసియానా ప్రభుత్వ భవనాల దగ్గరున్న సమాఖ్య సైనికులు బారకాసులకు తిరిగి వెళ్లారు. అక్కడి పునర్నిర్మాణ ప్రభుత్వాలు వెంటనే కూలిపోయాయి. జూలైలో జీతం మరో 10 శాతం తగ్గించారని పశ్చిమ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో రైల్వే కార్మికులు పని ఆపగా, సమ్మె పిట్స్‌బర్గ్, షికాగోల దాకా వ్యాపించింది. అప్పుడు హేస్ దాన్ని అణచడానికి సమాఖ్య సైన్యాన్ని పంపాడు. ఈ రెండు సంగతులు రెండు వేర్వేరు అధ్యాయాల్లో ఉంటే వాటి మధ్య ఉన్న మూడు నెలల దూరం కనబడదు.

చివరగా ఒక ఊరిని ఎంచుకుని మూడు గడులనూ అక్కడ పరీక్షించండి. నేను అలబామాలోని బర్మింగ్‌హామ్‌ను సూచిస్తాను. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి దగ్గరదగ్గరలోనే దొరికే చోట, రెండు రైలు మార్గాలు కలిసేలా 1871లో ఈ నగరాన్ని స్థాపించారు. పరిశ్రమలవైపు మళ్లిన ‘కొత్త దక్షిణాది’కి గుర్తుగా దీన్ని చూపడం పరిపాటి, కొలిమి గొట్టాల చిత్రాలూ దండిగా దొరుకుతాయి. వాటిని చూశాక ఆ కొలుములకు బొగ్గు ఎవరు తవ్వారో వెతకండి. చిన్న నేరాలకు, పనిలేక తిరిగారన్న ఆరోపణకు పట్టుబడిన మనుషులను, అత్యధికంగా నల్లవారిని, రాష్ట్రమూ కౌంటీలూ గని కంపెనీలకు అద్దెకు ఇచ్చేవి. ఆ అద్దె ఖజానాకు ఆదాయంగా చేరేది. అలబామా ఈ పద్ధతిని 1928లో గాని విడిచిపెట్టలేదు. ఆ సంవత్సరాన్ని మూడో గడిలో, 1865 నాటి 13వ సవరణకు ఎదురుగా రాసుకుని, నేరానికి శిక్షగా తప్ప అనే మినహాయింపు ఉన్న ఆ సవరణ వాక్యాన్ని మరోసారి చదవండి.