బెండ్ పైప్ మార్చాక చెక్ ఇంజన్ లైట్ వెలిగిందా? కొత్త ఆక్సిజన్ సెన్సర్ కొనకముందు ఇవి చూడండి

బండితో వచ్చిన బెండ్ పైప్ (ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు పొగ తీసుకెళ్లే గొట్టం) తీసేసి బయట కొన్నది బిగిస్తాం. శబ్దం బాగుంటుంది. రెండు రోజులకు మీటర్‌లో ఇంజన్ గుర్తు పసుపు రంగులో వెలుగుతుంది. స్కానర్ పెట్టినవాళ్లు "ఆక్సిజన్ సెన్సర్ పోయింది" అంటారు. నిన్నటిదాకా పనిచేసిన సెన్సర్ సరిగ్గా పైప్ మార్చిన రోజే ఎందుకు పోతుంది? చాలాసార్లు పోదు. పాపం, అది తన ముందున్నదే చెబుతుంది. తప్పంతా మన బిగింపులో ఉంటుంది.

ఈ పైప్‌లో బిగించి ఉండే సెన్సర్ చేసే పని చిన్నదే. పొగలో ఆక్సిజన్ మిగిలితే 0.1 వోల్ట్ దగ్గర, పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్ట్ దగ్గర చూపిస్తుంది. ఇంజన్ వేడెక్కాక ఈ రెండింటి మధ్య ఊగుతూ ఉండాలి. ఆ ఊపును బట్టే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్ పెంచుతుంది, తగ్గిస్తుంది. బైకుల్లోనూ, చాలా కార్లలోనూ ఉండే మామూలు సెన్సర్ సంగతి ఇది.

స్కానర్‌లో లీన్ (పెట్రోల్ తక్కువ) అని కోడ్ (పీ0171 లేదా పీ0131), కానీ ప్లగ్ నల్లగా ఉంది, మైలేజీ పడిపోయింది

అందరినీ తికమక పెట్టేది ఇదే. కోడ్ చూస్తే పెట్రోల్ చాలట్లేదంటుంది, ప్లగ్ చూస్తే మసి. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ హెడ్ దగ్గర, అంటే పైప్ ఇంజన్‌కు కలిసేచోట, లీకే. పొగ ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. రెండు దెబ్బల మధ్య పైప్‌లో ఒత్తిడి బయటి గాలికన్నా తగ్గుతుంది. ఆ క్షణంలో సన్నని సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్‌కు ఆ ఆక్సిజనే కనబడుతుంది. ఈసీయూ దాని మాట నమ్మి పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. గేర్‌లో యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ పటపటమంటే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది.

నా రెండు సిలిండర్ల బండికి ఇలాగే అయితే నేను ముందు సెన్సరే కొన్నాను. లైట్ పోలేదు. చివరికి చూస్తే పోర్టులో (పైప్ కూర్చునే రంధ్రంలో) పాత రింగ్ ప్యాకింగ్ (లీక్ కాకుండా వేసే రింగు) అలాగే ఉంది, దానిమీదే కొత్తది కూర్చోబెట్టారు.

లీక్ పట్టాలంటే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, జాయింట్ల మీద సబ్బునీళ్లు స్ప్రే చేయండి. బుడగలు వచ్చిన చోటే లీక్. ఇంకొకరు సైలెన్సర్ చివర తడిగుడ్డను కాసేపు అదిమి పట్టుకుంటే ఇంకా త్వరగా తెలుస్తుంది. హెడ్ దగ్గర నల్లటి మసి చార కనబడినా చాలు.

పాత ప్యాకింగ్ తీసేసి కొత్తది ఒక్కటే వేయండి. హెడ్ నట్లు (పైప్‌ను హెడ్‌కు పట్టి ఉంచేవి), సైలెన్సర్ క్లాంప్ అన్నీ ముందు వదులుగా పెట్టండి. హెడ్ నట్లను కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాక, క్లాంప్ చివర్లో బిగించండి. లీక్ ఆపుదామని మామూలు సిలికాన్ పూయొద్దు. దాని ఆవిరికి సెన్సర్ నిజంగానే పోతుంది.

ఒక ప్లగ్ నల్లగా, ఇంకోటి తెల్లగా

రెండు సెన్సర్లున్న బండిలో కనెక్టర్లు అటూఇటూ మారాయేమో చూడండి. కుడి సెన్సర్ పెట్రోల్ చాలట్లేదంటే ఈసీయూ ఎడమవైపు పోస్తుంది. కుడివైపు ఏమీ మారదు కాబట్టి హద్దు తగిలేదాకా పోస్తూనే ఉంటుంది. కనెక్టర్లు మార్చి పెట్టి, కోడ్ తీసేస్తే సరి. పైసా ఖర్చు లేదు.

పీ0134, పీ0135: సిగ్నల్ లేదు, లేదా హీటర్ సర్క్యూట్

ఇక్కడ వైరింగ్ చూడండి. కొత్త పైప్‌లో సెన్సర్ చోటు మారితే వైరు సాగదీస్తారు, లేదా అది పైప్‌కు ఆని కాలుతుంది. పొడిగించాలంటే బండికి సరిపోయే ఎక్స్‌టెన్షన్ వైరు వాడండి. సెన్సర్ వైరును కోసి సోల్డర్ చేయొద్దు. చాలా సెన్సర్లకు పోలిక కోసం కావలసిన బయటి గాలి ఆ వైరు లోపలి నుంచే అందుతుంది. నాలుగు వైర్లున్న సెన్సర్‌లో ఒకే రంగులో ఉండే రెండూ సాధారణంగా హీటర్‌వి. చల్లగా ఉన్నప్పుడు వాటి మధ్య మల్టీమీటర్ కొన్ని ఓమ్‌లు చూపాలి. ఏమీ చూపకపోతే హీటర్ తెగినట్టే.

నిదానంగా స్పందిస్తోంది (పీ0133)

సెన్సర్ పనిచేయాలంటే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. బుష్‌ను (సెన్సర్ బిగించే మరల ముక్కను) ఇంజన్‌కు దూరంగా వెల్డ్ చేసిన పైపుల్లో, అదీ హీటర్ లేని సెన్సర్ అయితే, ఐడిల్‌లో అది చల్లబడిపోతుంది. బుష్ పైప్ అడుగున ఉంటే ఇంకో బాధ: చేరిన నీటి చుక్కలకు లోపలి సెరామిక్ పగులుతుంది. బుష్‌ను ఇంజన్‌కు దగ్గరగా, పైప్ పైభాగాన వేయించడమే మార్గం.

కార్లలో పీ0420 వస్తే అది సెన్సర్ గొడవ కాదు. కొత్త బెండ్ పైప్ వేసినప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) ఎగిరిపోయి ఉంటుంది. స్పేసర్ (సెన్సర్‌ను పొగకు కాస్త దూరం జరిపే ముక్క) పెట్టి కోడ్‌ను దాచేవాళ్లున్నారు. నేను ఆ సలహా ఇవ్వను. కన్వర్టర్ తీసేసిన బండి కాలుష్య నిబంధనలకు విరుద్ధం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాక మల్టీమీటర్‌ను సిగ్నల్ వైరుకు పెట్టి, ఇంజన్ వేడిగా ఉండగా ఒక్కసారి రైజ్ చేసి వదలండి. 0.8 దాటి, మళ్లీ 0.2 కిందికి చకచకా దిగితే సెన్సర్ బాగానే ఉంది. కదలకపోతే, లేదా కొన తెల్లటి పొడి పట్టి ఉంటే, అప్పుడు కొత్తది కొనండి. యాంటీ సీజ్ పేస్ట్ (మరలు పట్టేయకుండా పూసేది) సెన్సర్ మర చుట్లకు మాత్రమే పూయండి, కొనకు తగలనివ్వొద్దు. కోడ్ తీసేసి రెండు మూడు రోజులు నడిపాక, ఇంజన్ చల్లారినప్పుడు హెడ్ నట్లను మళ్లీ ఒకసారి బిగించండి. కొత్త ప్యాకింగ్ వేడికి అణిగి నట్లు కాస్త వదులవుతాయి.