సిస్టమ్ సర్వీసింగ్ నేర్చుకుందాం – 7: బోర్డు మారింది, విండోస్ లైసెన్స్ ఏమైంది?

పోయిన పాఠం చూసి మదర్‌బోర్డు మార్చినవాళ్లలో చాలామందికి బిగింపు బాగానే కుదిరింది. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. తెర మీద కుడివైపు కింద ‘యాక్టివేట్ విండోస్’ అని మసక అక్షరాలు వస్తున్నాయని కావలి, గూడూరు, ఒంగోలు, అన్ని చోట్ల నుంచీ అదే మాట. విప్పకముందు చేయాల్సిన పని, అంటే విండోస్ లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలపడం, అప్పుడే చెప్పాల్సింది. అందుకే ఈసారి కొత్త పాఠం లేదు, ఇదే పాఠం.

ర్యామ్, ఎస్ఎస్‌డీ మారిస్తే మామూలుగా ఇబ్బంది ఉండదు. విండోస్ 10, 11లలో డిజిటల్ లైసెన్స్ (కీ టైప్ చేయక్కర్లేకుండా మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదై ఉండే లైసెన్స్) ముఖ్యంగా మదర్‌బోర్డును చూసి కంప్యూటర్‌ను గుర్తుపడుతుంది. బోర్డు మారితే మైక్రోసాఫ్ట్ సర్వర్‌కు అది వేరే కంప్యూటరే. లైసెన్స్‌ను మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు ముందే కలిపి ఉంచితే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్, ట్రబుల్‌షూట్, ‘హార్డ్‌వేర్ ఈమధ్యే మార్చాను’ అనే వరుసలో వెళ్లి, జాబితాలో ఆ సిస్టమ్ పాత పేరు ఎంచుకోవాలి. మనం పేరు పెట్టకపోతే అక్కడ చాలావరకు ‘డెస్క్‌టాప్’ అనే మొదలవుతాయి, ఏది ఏదో తెలీదు. అందుకే నేను ప్రతి సిస్టమ్‌కూ ‘మిల్లు బిల్లింగ్’ లాంటి పేరు ముందే పెట్టేస్తాను.

ఇక నన్ను బాధపెట్టే విషయం. ‘విండోస్ ప్రోడక్ట్ కీ రాసి పెట్టుకున్నాను సార్, టెన్షన్ లేదు’ అంటారు. సాఫ్ట్‌వేర్‌తో కీ బయటికి తీసి రాసుకున్నారు. దాని చివరి ఐదు అక్షరాలు చూడండి. విండోస్ ప్రో ఎడిషన్‌లో 3వీ66టీ, హోమ్ ఎడిషన్‌లో 8హెచ్‌వీఎక్స్7 అని ఉంటే అది మీ కీ కాదు. డిజిటల్ లైసెన్స్ ఉన్న లక్షల సిస్టమ్‌లలో ఉండే కీ అదే. ఎడిషన్ ఏదో చెప్పడం తప్ప దాంతో యాక్టివేషన్ జరగదు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో మూడు సిస్టమ్‌లకూ ఒకే కీ రాసి ఉంది, పుస్తకంలో మూడు పేజీల్లో. మూడూ ఒకటే ఎందుకున్నాయని ఎవరికీ అనుమానం రాలేదు. మీరు డబ్బు కట్టి కొన్న రిటైల్ కీ అయితే పెట్టెలోనో మెయిల్‌లోనో ఉంటుంది. దాన్ని భద్రం చేయండి.

కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ మొదటి బోర్డుతోనే పోతుంది. వారంటీలో కంపెనీయే బోర్డు మారిస్తే తప్ప కొత్తది కొనాల్సిందే. కస్టమర్‌కు ఈ ఖర్చు ముందే చెప్పండి.

ఇప్పటికే మార్చేసినవాళ్లు, పాత బోర్డు పనిచేస్తుంటే మళ్లీ బిగించి, అకౌంట్ కలిపి, తర్వాత మార్చండి. కాలిపోయి ఉంటే ఆ దారి లేదు. నెల్లూరులో అక్టోబరు, నవంబరు వానల్లో పిడుగులకు బోర్డులు పోతుంటాయి. కాబట్టి సిస్టమ్ బాగున్నప్పుడే కలపాలి.

అభ్యాసం: ఇంట్లో, వీధిలో కనీసం ఐదు సిస్టమ్‌లు చూడండి. ప్రతిదాని యాక్టివేషన్ పేజీలో ‘మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు లింక్ అయింది’ అని ఉందా, ఎడిషన్ హోమా, ప్రోనా అన్నది చూసి, లైసెన్స్ రిటైలా, ఓఈఎమా అన్నది యజమానిని అడిగి నోట్‌బుక్‌లో రాయండి. లింక్ లేనివి ఉంటే యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల అకౌంట్‌తోనే కలపండి, మీ అకౌంట్‌తో కాదు.