టెక్సాస్‌లో తుపాకీతో రెస్టారెంట్‌కి వెళ్లే ముందు

ముందు మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. వేట లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్నే. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి, అమెరికాలో మీ భవిష్యత్తే పోవచ్చు.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి అర్హత ఉన్నవాళ్లు లైసెన్స్ లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. అంతమాత్రాన ప్రతి గుమ్మమూ దాటొచ్చని కాదు.

తలుపు తీసే ముందు ఆగి బోర్డులు చదవండి. అంగుళం ఎత్తు అక్షరాలతో ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉంటాయి (30తో మొదలయ్యే అంకెలు టెక్సాస్ శిక్షాస్మృతిలోని సెక్షన్ల నంబర్లు):

- 30.06: లైసెన్స్ ఉన్నా దాచిపెట్టి తేకూడదు.
- 30.07: లైసెన్స్ ఉన్నా పైకి కనిపించేలా తేకూడదు.
- 30.05: లైసెన్స్ లేనివాళ్లు తేకూడదు.
- ఎర్రటి 51%: ఆదాయంలో సగానికి పైగా అక్కడే తాగే మద్యం నుంచి వచ్చే చోటు. లైసెన్స్ ఉన్నా లోపలికి తీసుకెళ్లడం నేరమే.

బోర్డు లేకపోయినా యజమానో మేనేజరో వెళ్లిపొమ్మంటే వెంటనే బయటికి రండి. వాదన వద్దు. మాటతో చెప్పాక కూడా కదలకపోతే కేసు ఇంకా పెద్దదవుతుంది.

ఆ సాయంత్రం మందు తాగే ఆలోచన ఉంటే తుపాకీ ఇంట్లోనే, తాళం వేసి, పిల్లలకు అందకుండా పెట్టి వెళ్లండి. కారు డ్యాష్‌బోర్డు అరలో వదిలేయడం మాత్రం వద్దు, అద్దం పగలగొడితే దొంగ చేతికి నిమిషంలో దొరుకుతుంది.