ఎదురుగా విమానం వస్తోందని టీకాస్ హెచ్చరిస్తే పైలట్లు ఏం చేయాలి?

టీకాస్ అంటే విమానాలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా హెచ్చరించే పరికరం; నేల మీది రాడార్‌తో పని లేకుండా నడుస్తుంది. చుట్టుపక్కల విమానాల ట్రాన్స్‌పాండర్లను (రేడియో పిలుపుకు తనంతట తానే బదులిచ్చే పరికరాలను) 1030 మెగాహెర్ట్జ్‌లో పలకరిస్తే అవి 1090లో బదులిస్తాయి. బదులు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం, బదులులోనే ఎత్తు తెలుస్తాయి. దిక్కు మాత్రం అంత కచ్చితంగా దొరకదు. అందుకే ఎడమకో కుడికో తిప్పమని అది చెప్పదు, పైకో కిందికో మాత్రమే. అవతలివారి ట్రాన్స్‌పాండర్ పనిచేయకపోతే ఆ విమానం దీనికి లేనట్టే.

1. "ట్రాఫిక్, ట్రాఫిక్" అని వినిపిస్తే విమానాన్ని కదిలించకూడదు. 20,000 అడుగుల పైన ఇది విమానాలు ఎదురుపడడానికి సుమారు 48 సెకన్ల ముందే వస్తుంది. తెర మీద పసుపు వృత్తం, పక్కన +05 ఉంటే ఆ విమానం 500 అడుగులు పైన ఉన్నట్టు. బయట వెతకాలి, చేయి కంట్రోల్స్ మీద ఉంచాలి. తెరను చూసి సొంతంగా తప్పుకోవడం ప్రమాదం.

2. గడువు 35 సెకన్లకు తగ్గితే వృత్తం ఎర్ర చతురస్రంగా మారి "క్లైంబ్, క్లైంబ్" లేదా "డిసెండ్, డిసెండ్" అంటుంది. దీన్నే ఆర్ఏ (రిజల్యూషన్ అడ్వైజరీ, అంటే తప్పుకోమనే ఆదేశం) అంటారు. ఆర్ఏని తనంతట తానే పాటించే ఆటోపైలట్ కాకపోతే దాన్ని తీసేసి, 5 సెకన్లలోపు స్పందించాలి. ఎక్కే, దిగే వేగాన్ని చూపే సూచిక ముల్లు ఎరుపు వదిలి ఆకుపచ్చలోకి వస్తే చాలు. సాధారణంగా అది నిమిషానికి 1,500 అడుగులు. కంగారులో గట్టిగా లాగితే బెల్టు పెట్టుకోనివారికి దెబ్బలు తగులుతాయి, పై ఎత్తులో ఉన్న మూడో విమానానికీ అడ్డం పడొచ్చు.

3. "ఇంక్రీజ్ క్లైంబ్" అంటే ఎక్కే వేగాన్ని నిమిషానికి 2,500 అడుగులకు పెంచాలి. ఆదేశం తలకిందులైతే రెండున్నర సెకన్లలోనే మళ్లాలి.

4. "టీకాస్ ఆర్ఏ" అని నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కు చెప్పాలి. ఆ మాట విన్నాక ఆయన ఆ విమానం దారి మార్చడానికి ప్రయత్నించకూడదు. ఈలోగా ఆయన ఆర్ఏకి విరుద్ధంగా చెప్పినా ఆర్ఏదే మాట. కారణం సూటిగా ఉంది: రెండు టీకాస్‌లూ మాట్లాడుకుని ఒకటి పైకి, ఇంకొకటి కిందికి అని పంచుకుంటాయి. ఒకరు ఎదురు తిరిగితే ఇద్దరూ ఒకే వైపు వెళతారు. 2002 జూలై 1న జర్మనీలోని ఊబర్లింగెన్ మీద జరిగింది అదే. టుపోలెవ్ విమానాన్ని పైకి ఎక్కమంది టీకాస్, దిగమన్నాడు కంట్రోలర్. సిబ్బంది దిగారు. అవతలి బోయింగ్ 757 తన టీకాస్ చెప్పినట్టే దిగుతోంది. 71 మంది చనిపోయారు.

5. "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" (ముప్పు తప్పింది) అని వినగానే పాత ఎత్తుకు తిరిగి వెళుతూ ఆ సంగతి కంట్రోలర్‌కు చెప్పాలి.

స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరిక, నేల దగ్గరవుతోందన్న హెచ్చరిక మాత్రం ఆర్ఏ కంటే ముందు. నేలకు సుమారు 1,000 అడుగుల లోపు ఆర్ఏలు అసలు రావు.

అక్కర్లేని ఆర్ఏలు ఎక్కువగా పైలట్ల తొందర వల్లే వస్తాయి. వెయ్యి అడుగుల తేడాలో వేరే విమానం ఉన్నప్పుడు వేగంగా ఎక్కుతుంటే, మీరు మీ ఎత్తులో ఆగుతారని టీకాస్‌కు తెలియదు. చివరి వెయ్యి అడుగుల్లో నిమిషానికి 1,500కు మించకుండా ఎక్కడమో దిగడమో చేస్తే చాలావరకు తప్పుతాయి.