78 రికార్డుల డిజిటైజేషన్: గరగర, శ్రుతి తేడా, మందగించిన గొంతు

పౌరాణిక నాటక పద్యాలున్న, నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు ముందు నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతారు. చాలా సమస్యలు అంతకుముందే, టర్న్‌టేబుల్ దగ్గరే తీరతాయి.

పద్యం కన్నా గరగర ఎక్కువ

ముందు ముల్లు చూడండి. తర్వాతి కాలపు ఎల్పీ రికార్డుల ముల్లు మొన సుమారు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). 78 గాడి వెడల్పు, దానికి 3 మిల్ దాకా కావాలి. సన్న ముల్లు గాడి గోడలను పట్టుకోలేక అడుగున పేరుకున్న మట్టిలో తిరుగుతుంది. 78 స్టైలస్ (ముల్లు) దొరికే కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చే భాగం) కొనండి, డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

ముల్లు సరైనదైనా గరగర పోకపోతే ప్లేటు కడగాలి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తుడవండి. నానబెట్టొద్దు, లేబుల్ తడపొద్దు. స్పిరిట్, శానిటైజర్ అసలు తగలనివ్వొద్దు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, పోయిన గాడి మళ్లీ రాదు.

ఇవి మోనో రికార్డులే అయినా స్టీరియోలో ఎక్కించండి. గాడి రెండు గోడలూ ఒకేలా అరగవు. తర్వాత బాగున్న ఛానెల్ ఉంచుకోవచ్చు, లేదా రెండూ కలపొచ్చు.

శ్రుతి తేడాగా ఉంది

పాతకాలంలో అన్ని రికార్డుల గాడీ కచ్చితంగా 78 వేగం మీద కోయలేదు. 82 మీద కోసినదాన్ని 78 మీద తిప్పితే దాదాపు అర శ్రుతి తగ్గి, గాయకుడి గొంతే మారిపోతుంది. హార్మోనియం తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. గొంతు సహజంగా ఉండి, శ్రుతి ఒక మెట్టు మీద నిలిచే వేగం వాళ్లు పట్టేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో వేగం, శ్రుతి కలిసి మారే ఆప్షనే వాడండి.

ప్రతి చుట్టుకీ స్వరం ఊగుతుంటే మధ్య రంధ్రం పక్కకు పడిందని అర్థం. కింద రెండు మూడు మ్యాట్లు వేసి, ప్లేటును స్పిండిల్ పైకి లేపి, చేత్తో సరిచేయండి.

గొంతు మందంగా, మూసుకుపోయినట్టు ఉంది

ఫోనో ప్రీఆంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే పరికరం) ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ వేస్తుంది, అంటే కింది స్థాయిని పెంచి, పైస్థాయిని తగ్గించే ఒక ప్రామాణిక కర్వ్. అది 1954లో వచ్చిన ఎల్పీ కాలపు లెక్క. 1925కు ముందు కొమ్ములోకి పాడి చేసిన రికార్డులకు అది పైస్థాయిని నొక్కేస్తుంది. ఏ ఈక్వలైజేషనూ వేయని ఫ్లాట్ ప్రీఆంప్ ఉంటే మేలు. లేకపోతే ఆ కర్వ్‌ను సాఫ్ట్‌వేర్‌లో తీసేయండి.

గరగర పూర్తిగా తుడిచేయాలని నాయిస్ రిడక్షన్ పెంచినా ఇదే జరుగుతుంది: రాగాలాపన చివరి గమకాలు గరగరతో పాటే పోతాయి. కొంత గరగర ఉండనివ్వండి. ఏ మార్పూ చేయని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ విడిగా దాచండి, మార్పులన్నీ కాపీ మీదే చేయండి.