దేవుడు మహోన్నతుడు, మన దగ్గరివాడు: సండే స్కూల్లో రెండూ కలిపి చెప్పడం ఎలా

మా సంఘంలో హైస్కూల్ పిల్లల క్లాసు నాది. ఈ వయసులో కొందరికి దేవుడంటే పైన కూర్చుని తప్పులు లెక్కపెట్టేవాడు. ఇంకొందరికి అడిగినవన్నీ ఇచ్చే ఫ్రెండ్. ఒక వారం దేవుని మహిమ, మరో వారం దేవుని ప్రేమ అని పాఠాలు విడదీయడం వల్లే ఇలా అవుతోందని నా నమ్మకం. ఒకే పూట రెండూ చెప్పండి.

యెషయా 40 తీయించి, 11, 12 వచనాలు ఒకరి చేతే ఆగకుండా చదివించండి. చాలామంది 11తో ఆపేస్తారు. అందులో ఆయన కాపరిలా గొర్రెపిల్లల్ని రొమ్మున ఆనించుకుని మోస్తాడు, పాలిచ్చేవాటిని మెల్లగా నడిపిస్తాడు. వెంటనే 12లో పుడిసిటితో జలాలు కొలుస్తాడు, జేనతో ఆకాశం కొలుస్తాడు. ఇప్పుడు ప్రతి ఒక్కరినీ పుడిసిలి పట్టమని కాసిని నీళ్లు పొయ్యండి. వేళ్ల సందుల్లోంచి కారిపోతుంటాయి. సముద్రాలు కొలిచే చెయ్యి ఎంతటిదో ఊహించుకోమని చెప్పి, 11 మళ్లీ చదవండి. ఇక్కడ తొందరపడొద్దు, కాసేపు ఊరుకోండి.

'దేవుడికి నిజంగా చేతులుంటాయా టీచర్?' అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న, దాటెయ్యకండి. దేవుడు ఆత్మ అని యోహాను 4:24 చూపించండి. ఆ చేతులు ప్రవక్త కవిత్వం. అలాగని ఆయన ఏదో శక్తి కాదు. మాట్లాడతాడు, వింటాడు, ప్రేమిస్తాడు, మన పాపానికి నొచ్చుకుంటాడు. చేతుల్లేని ఆ దేవుడే యేసులో నిజంగా శరీరధారి అయ్యాడు. యోహాను 11లో లాజరు సమాధి దగ్గర ఏడ్చింది, చనిపోయినవాణ్ణి బయటికి రమ్మని పిలిచింది ఒక్కరే. నాకు బైబిల్లో ఇంతకంటే ఇష్టమైన చోటు లేదు.

ఇంటికి కీర్తన 147:3, 4 ఇవ్వండి. గుండె చెదిరినవారిని బాగుచేసేవాడే నక్షత్రాలకు పేర్లు పెడతాడు.

ప్రార్థనకు 1 రాజులు 8:27, 28 చూడండి. మహాకాశాలు కూడా నిన్ను పట్టవు అన్న సొలొమోను, ఆ వెంటనే నా విన్నపం ఆలకించు అంటాడు. పిల్లల్నీ అలాగే ముందు ఒక మాట స్తుతించి, తర్వాత తమ అవసరం చెప్పమనండి. లెక్కల పరీక్ష టెన్షన్ అన్నా, ఇంట్లో నాన్న తాగి కొడుతున్నాడన్నా మధ్యలో సరిదిద్దకండి. రెండోది చెప్పిన పిల్లతో క్లాసయ్యాక విడిగా కూర్చుని మాట్లాడండి, ఆ ఇంటి సంగతి పట్టించుకోండి.