బోటు మోటారులో ఆయిల్ లెవెల్ పెరుగుతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

వాల్వులను తోసే ట్యాపెట్లు టకటక కొట్టుకుంటున్నాయనో, ఆయిల్ ప్రెషర్ అలారం మోగుతోందనో, ఇంజిన్ పట్టేసిందనో వచ్చేవాళ్లు మొదట అడిగేది ఒకటే: “ఏ కంపెనీ ఆయిల్ పొయ్యాలి?” ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, చూశారా అంటే, “ఆయిల్ నిండుగానే ఉందండీ, గుర్తు దాటే ఉంది” అని ధీమాగా చెబుతారు. గుర్తు ఎందుకు దాటిందో మాత్రం ఆలోచించరు. ఇంజిన్‌లో ఆయిల్ దానంతటది పెరగదు. పెరిగిందంటే అందులో ఇంకేదో కలుస్తోంది. అయితే నీళ్లు, కాకపోతే పెట్రోలు.

ఆయిల్ మార్చడం, ఫిల్టర్ విప్పడం, ప్లగ్గులు తీయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. చెప్పేదంతా ముఖ్యంగా ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్ గురించి, అంటే బోటు వెనక బయట తగిలించే మోటారు గురించి. టూస్ట్రోక్, డీజిల్ సంగతులు అవసరమైన చోట వస్తాయి.

అన్నిటికంటే ముందు

మోటారు నిటారుగా ఉండాలి. పైకి ఎత్తి ఉంచిన మోటారులో ఆయిల్ ఒక పక్కకు చేరుతుంది, అప్పుడు డిప్‌స్టిక్ చూపేదంతా అబద్ధమే. ఎత్తి ఉన్నదాన్ని దించిన వెంటనే కూడా చూడకండి, ఆయిల్ అంతా అడుగున అది నిలిచే సంప్‌లోకి దిగేదాకా ఆగండి. రాత్రంతా నిటారుగా ఉన్న ఇంజిన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూస్తే ఇంకా మంచిది.

చూసిన ప్రతిసారీ లెవెల్, ఇంజిన్ నడిచిన గంటలు రాసి పెట్టుకోండి. ఒక్కసారి చూసిన లెవెల్‌తో తేలేది తక్కువ. పోయినసారికీ ఈసారికీ ఎంత తేడా వచ్చిందన్నదే అసలు సమాచారం. పట్టుమని అరనిమిషం పట్టని ఈ పనిని వదిలేసి, ఇంజిన్ విప్పడానికి తయారయ్యేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

లక్షణం: ఆయిల్ నల్లబడింది

ఏమీ కాలేదు. ఆయిల్‌లో ఉండే డిటర్జెంట్లు పిస్టన్‌కు మడ్డి పట్టకుండా చూస్తాయి, డిస్పర్సెంట్లు మసి రేణువులను ఒకచోట ముద్దకట్టనివ్వకుండా విడివిడిగా తేలుస్తాయి. ఆ మసి ఆయిల్‌లో ఉంది కాబట్టే నల్లగా కనిపిస్తోంది. డీజిల్ ఇంజిన్‌లో అయితే మార్చిన కాసేపటికే నల్లబడుతుంది. గంటల లెక్క ప్రకారం మార్చండి, రంగు చూసి కంగారు పడకండి.

లక్షణం: ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంది

నీళ్లు. ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కాస్త మీగడలా పట్టి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే అది లోపలి తేమ చల్లబడి చేరిన నీరు. ఇంజిన్ వేడెక్కేలా నడిపితే పోతుంది. డిప్‌స్టిక్ మీద కూడా తెల్లగానే ఉంటే హెడ్ గ్యాస్కెట్, ఎగ్జాస్ట్ దారుల్లో తుప్పు తిన్న చోట్లు చూడాలి. బోటు లోపల బిగించిన ఇన్‌బోర్డ్ ఇంజిన్ అయితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌తో మొదలుపెట్టండి.

లోపలికి చేరింది ఉప్పునీరైతే రేపు చూద్దాం అనుకోవద్దు. ఆయిల్‌లోని తుప్పు నిరోధకాలు లోహానికి అతుక్కుని పొరలా కాపాడతాయి, నిజమే. ఆ పొర తేమకు తట్టుకుంటుంది కానీ సంప్‌లో నిలిచిన ఉప్పునీటికి ఎంతోసేపు ఆగదు. పాత ఆయిల్ తీసేయండి, కొత్తది పోసి కాసేపు నడపండి, మళ్లీ తీసేయండి. తెల్లదనం పోయేదాకా ఇదే పని. నీళ్లు వచ్చిన దారి మూయకుండా ఎన్నిసార్లు మార్చినా ఆయిల్ దండగే అనుకోండి.

లక్షణం: లెవెల్ పెరిగింది, తెల్లదనం లేదు

అందరినీ మోసం చేసేది ఇదే. చూడటానికి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆయిల్ రంగు మారదు, ఇంజిన్ ఒక్క కిక్కుతో అందుకుంటుంది, పొగ ఉండదు. ఒక సీజన్ గడిచాక క్యామ్ లోబ్‌ల మీద గీతలు, బేరింగులు అరిగిపోయి ప్రెషర్ పడిపోవడం. అప్పుడు ఆయిల్ కంపెనీని తిడతారు.

జరిగేది ఇది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సిలిండర్‌లోకి వెళ్లిన పెట్రోలంతా ఆవిరై మండదు. కొంత గోడల మీద తడిలా మిగిలి, రింగుల పక్క నుంచి కిందికి, సంప్‌లోకి జారుతుంది. కారులో కూడా ఇది ఉంటుంది. కాకపోతే కారు ఇంజిన్ 90 డిగ్రీల దగ్గర నడుస్తుంది, కలిసిన పెట్రోలు ఆ వేడికి ఆవిరై బ్రీదర్ గుండా వెళ్లిపోతుంది. చాలా ఔట్‌బోర్డ్‌లలో థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కాక చల్లబరిచే నీళ్లను వదిలే వాల్వ్, 50–60 డిగ్రీల దగ్గరే తెరుచుకుంటుంది. అంతకు మించి వేడెక్కితే ఉప్పునీటి దారుల్లో లవణాలు పేరుకుంటాయి కాబట్టి అలా పెట్టారు. అంటే బోటు ఇంజిన్ పుట్టుకతోనే చల్లగా నడిచేది. దానికి తోడు గంటల తరబడి ఐడిల్‌లోనో, చేపల వేటకని నెమ్మదిగానో నడిపితే సంప్‌లో ఆయిల్ వేడెక్కే అవకాశమే ఉండదు. లోపలికి వచ్చే పెట్రోలు ఎక్కువ, బయటికి పోయేది తక్కువ.

ఇక్కడ ఆయిల్ అంటే ఏమిటో కొంచెం చూడాలి. డబ్బాలో ఉన్నదంతా నూనె కాదు. అందులో పదో వంతుకు పైగా అడిటివ్‌లు ఉంటాయి. అరుగుదలను ఆపే ముఖ్యమైనది జింక్, ఫాస్ఫరస్ కలిసిన జడ్‌డీడీపీ. క్యామ్, ట్యాపెట్ ఒరుసుకునే చోట వేడికీ ఒత్తిడికీ అది విడిపోయి లోహం మీద గాజులాంటి పొర కడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. అరిగేది ఆ పొరే, కింద ఉన్న ఇనుము కాదు. అరిగిన కొద్దీ ఆయిల్‌లోంచి మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది.

పెట్రోలు కలిసినప్పుడు దెబ్బ నాలుగు వైపుల నుంచి పడుతుంది. ఆయిల్ పలచబడుతుంది: వందకు అయిదు పాళ్లు కలిసినా 30 గ్రేడు ఆయిల్ 20 గ్రేడుకు జారిపోవచ్చు. పలచబడితే లోహాల మధ్య నూనె పొర తెగి, భారమంతా జడ్‌డీడీపీ మీద పడుతుంది. ఆ జడ్‌డీడీపీ ఏమో పెట్రోలుతో పలచనైపోయి ఉంటుంది, పైగా చల్లని ఇంజిన్‌లో దాని పొర నిదానంగా కడుతుంది. ఇక సగం మండిన పెట్రోలు, తేమ కలిసి ఆమ్లాలు తయారవుతాయి. వాటిని విరిచేది డిటర్జెంట్లలోని క్షారం. అది ఉన్నంతసేపే రక్షణ, అయిపోయాక ఆమ్లం బేరింగుల మీద పడుతుంది. ఖరీదైన ఆయిల్ పోసినా ఈ లెక్క మారదు.

వాసన చూస్తే తెలియదా? తెలుస్తుంది, ఒక్కోసారి. పెట్రోలులో తేలికపాటి భాగం త్వరగా ఎగిరిపోతుంది, వాసన ఎక్కువగా దానిదే. బరువైన భాగం ఆయిల్‌లోనే ఉండిపోతుంది, దానికి వాసన అంతగా ఉండదు. అందుకే “వాసన రావట్లేదు కాబట్టి పెట్రోలు లేదు” అనడం తప్పు. డిప్‌స్టిక్ నుంచి ఒక చుక్క బొటనవేలు మీద వేసుకుని చూపుడువేలితో రుద్దండి. కొత్త ఆయిల్ చుక్క కూడా పక్కన పెట్టుకుని పోల్చండి. కొత్తది వేళ్లు విడదీస్తే సాగుతుంది, పెట్రోలు కలిసినది నీళ్లలా జారిపోతుంది. ఒక చుక్క పీల్చుకునే కాగితం మీద వేసి గంటసేపు వదిలేస్తే, పెట్రోలు కలిసిన ఆయిల్ అయితే మధ్యలో నల్లటి మచ్చ చుట్టూ వెడల్పాటి లేత వలయం పాకి ఉంటుంది.

ఇంకో రెండు మోసాలు. ఇంజిన్ ఆయిల్ తాగుతూ ఉండి, అంతే పెట్రోలు కలుస్తూ ఉంటే లెవెల్ కదలదు. “నా ఇంజిన్ చుక్క ఆయిల్ తాగదు” అని చెప్పుకునేవాళ్లలో కొందరి సంగతి ఇదే. రెండోది: చాలా రోజులు నెమ్మదిగా నడిపాక ఒకరోజు దూరప్రయాణం ఫుల్ స్పీడులో వెళ్తారు. ఆ వేడికి పెట్రోలు ఆవిరైపోయి లెవెల్ ఒక్కసారిగా దిగుతుంది. ఇంజిన్ ఆయిల్ తాగేసిందని టెన్షన్ పడి రింగులు మార్పిస్తారు. రింగులకు ఏ రోగమూ లేదు.

కారణం వెతకాల్సిన చోటు థర్మోస్టాట్. ఇంజిన్ అతిగా వేడెక్కితేనే థర్మోస్టాట్ గుర్తొస్తుంది చాలామందికి. మూసుకుని ఇరుక్కుంటే అలారం మోగుతుంది, తెలిసిపోతుంది. తెరుచుకుని ఇరుక్కుంటే ఏ అలారమూ మోగదు, ఇంజిన్ హాయిగా చల్లగా నడుస్తుంది. ఇంజిన్ పాడయ్యేది ఇలాగే. పైగా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న మోటారులో సెన్సర్ చలిని చూసి, ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ చిమ్ముతుంది. చల్లదనం వల్ల పెట్రోలు మిగిలితే, ఆ చల్లదనమే ఇంకా పెట్రోలు తెస్తుంది.

థర్మోస్టాట్ విప్పి, చల్లగా ఉన్నప్పుడు వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. గాలి పోవడానికి ఉంచిన చిన్న రంధ్రం తప్ప ఇంకెక్కడా వెలుగు కనపడకూడదు. వాల్వ్ అంచున నెలవంకలా సన్నటి వెలుగు కనిపిస్తే అక్కడే దొంగ దొరికినట్టు. ఒక ఇసుక రేణువు, గవ్వ ముక్క, ఉప్పు పెళ్ల చాలు, వాల్వ్ పూర్తిగా కూర్చోదు. తర్వాత దారం కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి వేడి చేయండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. గిన్నె అడుగుకు తగలనివ్వకండి, తప్పు లెక్క వస్తుంది.

థర్మోస్టాట్ బాగుంటే ఆగిపోకండి. పెద్ద మోటార్లు చాలావాటిలో దాని దగ్గరే పాపెట్ వాల్వ్ అని ఇంకొకటి ఉంటుంది. స్పీడు పెరిగినప్పుడు నీటి ఒత్తిడికి తెరుచుకుని అదనపు నీళ్లు పంపడం దాని పని. స్ప్రింగ్ విరిగినా, చెత్త ఇరుక్కున్నా అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొత్త థర్మోస్టాట్ వేసి కూడా “ఇంకా లెవెల్ పెరుగుతూనే ఉంది” అని తలపట్టుకునేవాళ్లు చూడని చోటు ఇది.

పరిష్కారం వరుసలోనే చేయండి. థర్మోస్టాట్, పాపెట్ వాల్వ్ సరిచేయండి, గ్యాస్కెట్లు కొత్తవి వేయండి. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. ఎక్కువైనంత పైపు పెట్టి లాగేసి సరిపెట్టుకుంటే లెవెల్ సరిపోతుంది, పలచనైన ఆయిల్ మాత్రం పలచనగానే ఉంటుంది. ఇక నుంచి నెమ్మదిగా నడిపిన రోజు తిరుగు ప్రయాణంలో కనీసం 20 నిమిషాలు లోడు మీద నడపండి. నీళ్ల కంటే సంప్‌లో ఆయిల్ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. ఒడ్డున నీళ్ల గొట్టం తగిలించి ఐడిల్‌లో “వేడి చేయడం” దీనికి మందు కాదు, రోగాన్ని పెంచడమే. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం అందుకుంటోందో లేదో కూడా చూడండి. ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైతే ఇంజిన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, పెట్రోలు వృథా అక్కడ కూడా మొదలవుతుంది.

కొత్త మోటారు అయితే రింగులు ఇంకా కూర్చోలేదు కాబట్టి మొదట్లో లెవెల్ కొంచెం పెరగొచ్చు. పుస్తకంలో చెప్పినట్టు స్పీడు మారుస్తూ, లోడు ఇస్తూ రన్నింగ్-ఇన్ చేయండి. కొత్తది కదా అని ముద్దుచేసి ఐడిల్‌లో ఉంచితే సిలిండర్ గోడ నున్నగా మెరుగెక్కి, రింగులు ఎప్పటికీ సరిగా కూర్చోవు.

లక్షణం: ఒక్క ట్రిప్పులోనే లెవెల్ అమాంతం పెరిగింది

పైన చెప్పినది నెమ్మదిగా జరిగేది. ఇది వేరు. కార్బురేటర్ ఉన్న చిన్న మోటార్లలో ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ చిరిగి ఉంటుంది, లేదా ఫ్లోట్ నీడిల్ మూసుకోవడం లేదు. మార్చండి. ఆ ఆయిల్‌తో ఇంజిన్ తిప్పకండి.

లక్షణం: ఆయిల్‌లో నురగ, ట్యాపెట్ల చప్పుడు

లెవెల్ ఎక్కువైతే క్రాంక్ ఆయిల్‌ను చిలుకుతుంది. నురగను ఆపే సిలికోన్ అడిటివ్ ఆయిల్‌లో చాలా కొద్దిగా ఉంటుంది, ఇంత చిలుకుడికి అది చాలదు. గాలి బుడగలను పంపు చేస్తే ప్రెషర్ నిలవదు. మీరే ఎక్కువ పోశారా, పెట్రోలు చేరిందా అన్నది ముందు తేల్చుకోండి.

లక్షణం: నెలల తరబడి పక్కన పెట్టి తీస్తే లోపల తుప్పు

సీజన్ మొదట్లో కొత్త ఆయిల్ పోద్దామని, పాత ఆయిల్‌తోనే పక్కన పెట్టేస్తారు. ఆ నెలలన్నీ ఆమ్లాలు, తేమ బేరింగుల పక్కనే కాపురం ఉంటాయి. మార్చాల్సింది పక్కన పెట్టే ముందు. మార్చాక కాసేపు నడిపితే కొత్త తుప్పు నిరోధకాలు అన్ని భాగాలకూ చేరతాయి. సిలిండర్లలో తుప్పు పట్టకుండా చిమ్మే ఫాగింగ్ ఆయిల్ కొట్టండి. ఔట్‌బోర్డ్‌లో కారు ఆయిల్ పోసేవాళ్లకూ ఇక్కడే దెబ్బ తగులుతుంది. ఫోర్‌స్ట్రోక్ బోటు ఆయిల్ డబ్బా మీద ఎఫ్‌సీ-డబ్ల్యూ అని ఉంటుంది. ఆ గుర్తు రావాలంటే ఉప్పునీటి తుంపరలో తుప్పు పరీక్ష నెగ్గాలి. కారు ఆయిల్‌కు ఆ పరీక్ష లేదు. పైగా కారు ఎగ్జాస్ట్‌లోని కేటలిటిక్ కన్వర్టర్ కోసం పలచని గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి కట్టడి చేశారు, అంటే అరుగుదల ఆపే జడ్‌డీడీపీకీ అంతే కట్టడి.

లక్షణం: టూస్ట్రోక్‌లో ప్లగ్గులు మాటిమాటికీ పోతున్నాయి

బైకు టూటీ ఆయిల్ పోసి ఉంటారు. గాలితో చల్లబడే ఇంజిన్ల ఆయిల్‌లో లోహపు డిటర్జెంట్లు ఉంటాయి, కాలితే బూడిద మిగులుతుంది. చల్లగా నడిచే ఔట్‌బోర్డ్‌లో ఆ బూడిద ప్లగ్గుల మీద, పిస్టన్ తల మీద పేరుకుంటుంది. టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న బూడిద మిగలని ఆయిలే వాడండి, పుస్తకంలో చెప్పిన పాళ్లలో.

మిగతావి

ఆయిల్ పంపు అరగడం, రిలీఫ్ వాల్వ్ ఇరుక్కోవడం, ఫిల్టర్ లోపల చిరగడం ఉంటాయి, అరుదు. పైవన్నీ చూశాకే అటు వెళ్లండి. జింక్ ఎక్కువ కావాలని సీసాల్లో అమ్మే అడిటివ్‌లు కలపడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. లోహం మీద అతుక్కునే చోటు కోసం అడిటివ్‌లు ఒకదానితో ఒకటి పోటీపడతాయి, ఒకటి ఎక్కువైతే తుప్పు ఆపేది పక్కకు పోతుంది. డీజిల్ ఇన్‌బోర్డ్‌లో లెవెల్ పెరిగితే వాసన ఇంకా తక్కువ తెలుస్తుంది. ముందు ఇంజెక్టర్లు కారుతున్నాయేమో చూడండి, తర్వాత ఫ్యూయల్ పంపు సీళ్లు.